ది స్టేపుల్ సింగర్స్ రికార్డులు

ది స్టేపుల్ సింగర్స్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని షికాగో నగరమునకు చెందిన కుటుంబ గాయక బృందము. తండ్రి రోబక్ "పాప్స్" స్టేపుల్స్ (1914-2000), అతని సంతానమైన క్లియోథా, పర్విస్, ఇవాన్, మేవిస్ ఇందులోని గాయకులు. నల్లజాతి క్రైస్తవుల భక్తిగీతాలైన గాస్పెల్ పాటలతో వీరు ప్రసిద్ధి పొందారు.

నేపథ్యము

పాప్స్ మిసిసిపీ రాష్ట్రములో జన్మించాడు. డాకరీ అను పత్తి క్షేత్రములో పెరుగుతూ, చార్లీ ప్యాటన్ వంటి బ్లూస్ కళాకారుల వాద్యము విని గిటారు నేర్చుకున్నాడు. 1930లలో షికాగోకు వలసవెళ్ళి కూలిపని చేస్తూ, తీరిక వేళలలో పిల్లలకు పాటలు నేర్పాడు. "విల్ ది సర్కిల్ బి అన్‌బ్రోకెన్" వారు నేర్చుకున్న మొదటి పాట. 1948లో ఈ కుటుంబము తొలిసారిగా చర్చిలో పాడినది.

వీ-జే రికార్డులు

షికాగోలోని వీ-జే సంస్థకు 1956లో పాడిన "అన్‌క్లౌడీ డే" వీరికి దేశవ్యాప్తముగా పేరు తెచ్చినది. ఈ రికార్డులలో వాద్యాల ఆర్భాటము లేదు. పాప్స్ గిటారు నాదము ట్రెమొలో అను సాధనము వలన అలలవలె హెచ్చుతూ తగ్గుతూ వినిపిస్తుంది. దానిపై పిల్లల గొంతులు నెమ్మదిగా కలుస్తాయి. మేవిస్ మంద్రస్వరము విన్న శ్రోతలు పాడినది పురుషుడని భ్రమించేవారు. అప్పటికి ఆమెకు ఇరవై యేళ్ళు నిండలేదు. ఈ కాలములోనే వెలువడిన "దిస్ మే బి ది లాస్ట్ టైమ్" ఆధారముగా ఆంగ్ల బృందము రోలింగ్ స్టోన్స్ 1965లో ఒక ప్రసిద్ధ గీతమును రూపొందించినది.

పౌరహక్కుల గీతాలు

మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగము విన్న పిమ్మట పాప్స్ ఆ సందేశమును పాటలలోనికి తెచ్చాడు. 1965లో సెల్మా నుండి మాంట్‌గోమరీకి జరిగిన పాదయాత్ర ప్రేరణతో "ఫ్రీడమ్ హైవే" రచించాడు. అదే సంవత్సరము ఏప్రిల్‌లో షికాగోలోని న్యూ నజరెత్ చర్చిలో, భక్తుల సమక్షములో, దానిని రికార్డు చేశారు. 1957లో లిటిల్ రాక్ పాఠశాలలో ప్రవేశమునకై తొమ్మండుగురు నల్లజాతి విద్యార్థులు పడిన అవమానములు "వై యామ్ ఐ ట్రీటెడ్ సో బ్యాడ్" పాటకు మూలము. ఈ పాట కింగ్‌కు ప్రీతిపాత్రమైనది.

స్టాక్స్ రికార్డులు, విమర్శ

1968లో బృందము స్టాక్స్ సంస్థలో చేరినది. "రెస్పెక్ట్ యువర్‌సెల్ఫ్" (1971), "ఐ విల్ టేక్ యూ దేర్" (1972) విశేష ప్రజాదరణ పొందాయి. రెండవది బిల్‌బోర్డ్ పట్టికలో ప్రథమ స్థానము పొందినది. నృత్యమునకు అనువైన లయ వలన వీరు దైవగీతాలను విడిచిపెట్టారని కొందరు చర్చివారు ఆక్షేపించారు. ఆ పాట చేర్చే చోటు స్వర్గమేనని మేవిస్ సమాధానము. రేడియోలో మాత్రమే పాటలు వినే శ్రోతలకు కూడా తండ్రి గిటారు, కుటుంబపు స్వరమేళనము ఈ రికార్డుల ద్వారానే చేరాయి.

గుర్తింపు

1999లో వీరికి రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానము లభించినది. 2005లో గ్రామీ జీవన సాఫల్య పురస్కారము ప్రకటింపబడినది. అప్పటికి పాప్స్ జీవించి లేడు. క్లియోథా 2013లో, ఇవాన్ 2018లో, పర్విస్ 2021లో మరణించారు.