జీర్ణాశయ లింఫోమా

జీర్ణాశయపు గోడలోని లింఫ్ కణాల నుంచి పుట్టే క్యాన్సర్. జీర్ణాశయ క్యాన్సర్లలో దీని వాటా 5 శాతం లోపే. ఎక్కువగా యాభై దాటినవారిలో కనిపిస్తుంది.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో అయినా మరెక్కడైనా, పెద్దవయసువారికి కడుపులో రక్తం కారితే మొదట అనుమానించేది పుండునే. మోకాళ్ల నొప్పికి మందుల షాపులో కొని మింగే నొప్పి బిళ్లలు దానికి పెద్ద కారణం. లింఫోమా అరుదు, అరుదు కాబట్టే తప్పిపోతుంది. కడుపులో రక్తం కారితే మలం తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో వస్తుంది. ఐరన్ మాత్రలతోనూ మలం నల్లబడుతుంది గానీ ఆ జిగట ఉండదు. కొందరిలో రక్తం కంటికి కనబడకుండానే నెలల తరబడి పోతుంది. ఆయాసం, నీరసం, కనురెప్పల లోపలివైపు పాలిపోవడమే జాడ.

ఎండోస్కోపీలో లింఫోమా మామూలు పుండులాగే కనబడవచ్చు. అందుకే లోతుగా, పలుచోట్ల నుంచి ముక్కలు తీసి పరీక్షించాలి.

ముఖ్యమైన రకాలు రెండు. మాల్ట్ రకం నెమ్మదిగా పెరుగుతుంది. 1982లో మార్షల్, వారెన్ వెలికితీసిన హెలికోబాక్టర్ పైలోరీ బాక్టీరియాయే దీనికి ప్రధాన కారణం. తొలిదశలో రెండు వారాల యాంటీబయాటిక్ మందులతోనే చాలామందిలో వ్యాధి క్రమంగా మాయమవుతుంది. క్యాన్సర్ వైద్యంలో ఇంతటి ఊరట అరుదు. వేగంగా పెరిగే పెద్ద బి-కణాల రకానికి రిటుక్సిమాబ్‌తో కీమోథెరపీ ఇస్తారు. రక్తం ఆగనప్పుడో, చిల్లి పడినప్పుడో తప్ప ఆపరేషన్ అవసరం రాదు.

కడప జిల్లావారికి అందుబాటులో ఉన్న పెద్దాసుపత్రులు కడప రిమ్స్, తిరుపతి స్విమ్స్. పుండు మందులు వాడినా రక్తహీనత తగ్గని వృద్ధులకు ఎండోస్కోపీ మళ్లీ చేయించాలి.