కంట్రోలు మీట కథ

కంప్యూటరు నేర్చుకొను విద్యార్థి సాధారణముగా ముందు టెక్స్టు ఎడిటరులో వ్రాయుట అలవాటు చేసికొనును. అందు కంట్రోలు మీటతో ‘సి’ నొక్కినచో నకలు, ‘వి’ నొక్కినచో అతుకు, ‘ఎస్’ నొక్కినచో భద్రపరచుట జరుగును. తుర్కయాంజాల్, ఇబ్రహీంపట్నం ప్రాంతపు విద్యార్థులైనను, అమెరికా విద్యార్థులైనను ఈ అలవాటుతోనే టెర్మినల్ ముందు కూర్చుందురు. అక్కడ కంట్రోలు-ఎస్ నొక్కగానే తెర బిగుసుకొనిపోవును. యంత్రము చెడినదని భ్రమించి కరెంటు తీసివేసినవారికి, అప్పటివరకు వ్రాసిన ప్రోగ్రాము కూడ పోవచ్చును. నిజమునకు యంత్రము చెడలేదు; అది ఆరు దశాబ్దములనాటి ఒక ఆజ్ఞను విధేయతతో పాటించినది. ఆ ఆజ్ఞ ఎక్కడినుండి వచ్చినదో చూతము.

1963లో అమెరికాలో ‘ఆస్కీ’ అను సంకేతపట్టిక వెలువడినది. ఇందు 0 నుండి 127 వరకు 128 సంకేతములు గలవు. మొదటి 32 సంకేతములు అక్షరములు కావు, యంత్రమునకిచ్చు ఆజ్ఞలు. ఏడవది గంట మ్రోగించును. ఎనిమిదవది ఒక గడి వెనుకకు జరుపును. పదమూడవది పంక్తి మొదటికి తెచ్చును. కంట్రోలు మీట చేయు పని చాల స్వల్పము. దానితో కలిపి నొక్కిన పెద్దక్షరపు సంకేతమునుండి 64 తీసివేయును. ‘జి’ సంకేతము 71. అందు 64 పోగా 7, అనగా గంట. ‘ఎస్’ సంకేతము 83. అందు 64 పోగా 19.

ఈ 19వ ఆజ్ఞ యేమి? ఆనాటి టెర్మినల్ అనగా తెర కాదు. కాగితముపై సెకనుకు పది అక్షరములు అచ్చువేయు టెలిటైపు యంత్రము. దానికి రంధ్రములు పొడిచిన కాగితపు పట్టీని చదువు సాధనము కూడ ఉండెడిది. 17వ సంకేతము ఆ సాధనమును నడిపించును, 19వది నిలుపును. టెలిటైపులు పోయినను ఆ ఆచారము పోలేదు. అందుచేతనే కంట్రోలు-ఎస్ తెరను నిలుపును, కంట్రోలు-క్యూ మరల కదల్చును.

1969లో బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు ప్రారంభించిన యూనిక్సు కూడ టెలిటైపుల నడుమనే పెరిగినది. కాగితముపై పడిన అక్షరమును తుడుచుట సాధ్యము కాదు గదా! అందువలన తప్పు పడినచో ‘#’ గుర్తుతో ఒక అక్షరమును, ‘@’ గుర్తుతో పంక్తి నంతటిని రద్దు చేసెడివారు. తెరగల టెర్మినళ్ళు వచ్చిన పిమ్మట దిద్దుబాటు సులభమైనది. 1976లో ఎం.ఐ.టి.లో రిచర్డ్ స్టాల్‌మన్ మున్నగువారు ఈమాక్స్‌ను, అదే కాలమున బర్కిలీలో బిల్ జాయ్ ‘వీఐ’ని రూపొందించిరి. ఈమాక్స్‌లో కంట్రోలు-ఎ పంక్తి మొదటికి, కంట్రోలు-ఇ చివరకు తీసికొనిపోవును. ‘వీఐ’లో హెచ్, జె, కె, ఎల్ అక్షరములతో కర్సరు కదలును, బిల్ జాయ్ వాడిన ఏడిఎం-3ఏ టెర్మినల్‌లో ఆ నాలుగు మీటలపైననే బాణపుగుర్తులు ముద్రింపబడి యుండెను.

ఎడిటరులోని యీ సదుపాయము ఆజ్ఞలు వ్రాయు పంక్తిలో కూడ ఉన్న బాగుండునని అందరికిని తోచినది. 1983లో డేవిడ్ కార్న్ ప్రకటించిన షెల్లు ఈమాక్స్, వీఐ పద్ధతులు రెండింటిని అనుమతించినది. పిదప బ్రయన్ ఫాక్స్ 1989లో వెలువడిన ‘బాష్’ షెల్లు కొరకు వ్రాసిన ‘రీడ్‌లైన్’ ఒక ప్రత్యేక గ్రంథాలయముగా రూపొందినది. దానిని చేర్చుకొన్న ప్రతి ప్రోగ్రామునకును ఒకేరకపు మీటలు లభించును. చేర్చుకొనని ప్రోగ్రాములో బాణపుమీట నొక్కినచో తెరపై వింత గుర్తులు పడును. ఆ మీట పంపునది 27వ సంకేతముతో మొదలగు ఒక గుంపు. దానిని విడదీసి చదువువారు అక్కడ లేరు.

మరి నకలు-అతుకు మీటల తగవు ఎట్లు వచ్చినది? 1983నాటి ఆపిల్ లీసా యంత్రములో లారీ టెస్లర్ ఎక్స్, సి, వి అక్షరములను ఈ పనులకు నియమించెను. ఆపిల్‌వారు వానికి వేరొక మీటను వాడినందున చిక్కు రాలేదు. తరువాత విండోస్‌లో అదే పని కంట్రోలు మీటకు అప్పగింపబడినది. టెర్మినల్‌లో కంట్రోలు-సి అనగా నడుచు ప్రోగ్రామును ఆపుమని అర్థము. ఒకే మీటకు ఇద్దరు యజమానులైరి!

తెలుగువారికి ఇంకొక చిక్కు గలదు. ఇన్‌స్క్రిప్టు అమరికలో ‘సి’ మీటపై ‘మ’ యుండును. 1991లో వెలువడిన యూనికోడులో దాని సంకేతము 3118. అందు 64 తీసివేసినను ఏ ఆజ్ఞయు రాదు. టెర్మినల్ ఆ మీట వెనుకనున్న ఇంగ్లీషు అక్షరమును వెదకి పంపిననే పని జరుగును. తుడుచుటలోను ఇట్టిదే. 1992లో థాంప్సన్, రాబ్ పైక్‌లు రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు మూడు బైట్లు కావలెను. ‘స్త్రీ’ అనునది మన కంటికి ఒకే అక్షరము. యంత్రమునకు ఆరు సంకేతములు, 18 బైట్లు. పూర్వము లినక్సు టెర్మినల్ డ్రైవరు ఒక్కొక్క బైటునే తుడిచెడిది. అందువలన తెలుగు అక్షరము ముక్కలై మిగిలెడిది. 2004లో దానికి దిద్దుబాటు వచ్చినది. ఐనను అది నేటికిని సంకేతమునే ఎరుగును, అక్షరమును కాదు.

ఉపాయములు లేకపోలేదు. తెర బిగుసుకొన్నచో కంట్రోలు-క్యూ నొక్కవలెను. ‘ఎస్‌టీటీవై’ అను ఆజ్ఞతో ఆ పాత ఆచారమును మాన్పింపవచ్చును. లినక్సు టెర్మినళ్ళలో పెక్కింటియందు షిఫ్టు కలిపి కంట్రోలు-సి, కంట్రోలు-వి నొక్కినచో నకలు, అతుకు జరుగును. రీడ్‌లైన్ లేని ప్రోగ్రామునకు ‘ఆర్‌ఎల్‌రాప్’ అనునది ఆ సదుపాయమును పైనుండి తొడుగును.

ఈ చరిత్ర తెలిసిన విద్యార్థి యంత్రమునకు భయపడడు. తన తెలివిని శంకించుకొనడు. టెలిటైపు నిర్మాతలు తమ అవసరమునకు తగిన నియమములు చేసికొనిరి. తెలుగు అక్షరమును అక్షరముగా గుర్తించు టెర్మినల్ కావలెనన్నచో, ఆ నియమములను అర్థము చేసికొని మార్చువారు మన కళాశాలలనుండియే రావలెను.