హిండన్ నుంచి లేహ్‌కు గంటన్నర... కొండ మీదికి మరో రెండు వారాలు

దేశ రాజధానిని ఆనుకుని, ఘజియాబాద్ దగ్గరున్న హిండన్ వైమానిక స్థావరం సముద్ర మట్టానికి సుమారు 700 అడుగుల ఎత్తులో ఉంటుంది. తెల్లవారుజామున అక్కడ రవాణా విమానం ఎక్కిన జవాన్లు గంట, గంటన్నరలో లేహ్‌లో దిగుతారు. లేహ్ రన్‌వే ఎత్తు 10,600 అడుగుల పైమాటే. అక్కడ ఒక్కో శ్వాసలో అందే ఆక్సిజన్ మైదానాల్లో దొరికే దాంట్లో దాదాపు మూడింట రెండు వంతులు మాత్రమే. దిగినవారిని నేరుగా డ్యూటీకి పంపరు. మొదటి రెండు రోజులు విశ్రాంతి తీసుకోవడమే వారి పని.

సైన్యం పాటించే పద్ధతిలో ఇది మూడు మెట్లు. 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య ఆరు రోజులు ఉండాలి. విశ్రాంతి అయ్యాక మూడు, నాలుగు రోజుల్లో చదును నేల మీద నెమ్మదిగా నడక, ఐదు, ఆరు రోజుల్లో ఇంకాస్త దూరం, కొద్దిగా ఎక్కుడు. ఆపై 15,000 అడుగుల వరకు వెళ్లాలంటే మరో నాలుగు రోజులు, అది దాటితే ఇంకో నాలుగు. మొత్తం 14 రోజులు. బరువు మోయడం చివరి దశల మాట. ఎంత గట్టి మనిషైనా ఈ లెక్క మారదు. నిజానికి ఒంటి మీద నమ్మకం ఎక్కువై, తలనొప్పిని దాచిపెట్టి తిరిగే కుర్రాళ్లతోనే వైద్యులకు ఎక్కువ భయం.

ఈ నిబంధన వెనక 1962 ఉంది. చైనా యుద్ధ సమయంలో మైదానాల నుంచి పెద్ద సంఖ్యలో సైనికులను హడావుడిగా ఎత్తైన ప్రాంతాలకు తరలించారు. శత్రువు తూటా తగలకుండానే చాలామంది పడిపోయారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం (సైన్యం వాడుకలో ‘హేపో’), మెదడు వాపు అందుకు కారణాలు. భారత సైనిక వైద్యుడు ఇందర్ సింగ్ బృందం 1,925 మంది జవాన్లను పరిశీలించి 1969లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో రాసిన వ్యాసాన్ని పర్వత వైద్యంలో ఇప్పటికీ ఉటంకిస్తారు. ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో ఉన్న డీఆర్‌డీవో ప్రయోగశాల ‘డిపాస్’ ఇదే రంగంలో పనిచేస్తోంది.

శ్రీకాకుళం నుంచో, నిజామాబాద్ నుంచో బయల్దేరిన జవానుకు ఢిల్లీ ఒక మజిలీ. రైల్వే వారెంట్, మూవ్‌మెంట్ ఆర్డర్ పట్టుకుని రైలు దిగి ట్రాన్సిట్ క్యాంపులో చేరితే, అక్కడి నుంచి విమానంలో సీటు ఎప్పుడన్నది వాతావరణం చేతిలో ఉంటుంది. లేహ్‌కు విమానాలు ఎక్కువగా ఉదయం పూటే నడుస్తాయి. ఎండ ఎక్కితే గాలి మరింత పలచబడి, విమానం మోయగలిగే బరువు తగ్గుతుంది. మధ్యాహ్నానికి గాలులూ పెరుగుతాయి. చలికాలంలో శ్రీనగర్, మనాలీ రోడ్ల మీద మంచు పేరుకుంటే ఆకాశ మార్గమే దిక్కు. ఆ భారం మోసేది ఎక్కువగా చండీగఢ్, హిండన్ స్థావరాలే. 2013లో వాయుసేనలో చేరిన సీ-17 విమానాల దళం, అంతకు రెండేళ్ల ముందు ఏర్పాటైన సీ-130జే దళం హిండన్‌లోనే ఉన్నాయి.

2013 ఆగస్టు 20న ఒక సీ-130జే హిండన్ నుంచి ఎగిరి దౌలత్ బేగ్ ఓల్డీలో దిగింది. కారకోరం కనుమకు దక్షిణాన, 16,614 అడుగుల ఎత్తున ఉన్న మట్టి రన్‌వే అది. 1962లో తొలిసారి విమానం దిగిన ఈ స్థావరాన్ని 1965 తర్వాత వాడకుండా వదిలేశారు. 2008 మే 31న ఏఎన్-32 దిగడంతో అది మళ్లీ తెరుచుకుంది. ఇప్పుడు దర్బుక్ నుంచి 255 కిలోమీటర్ల రోడ్డు కూడా ఉంది. అయినా విమానం దిగుతోంది కాబట్టి జవాన్లను ఢిల్లీ నుంచి నేరుగా అక్కడ దింపవచ్చు అనుకుంటే పొరపాటు. సరుకును అలా దింపవచ్చు, మనిషిని దింపలేం.

దీని వల్ల సైనిక లెక్కలే మారిపోతాయి. మ్యాప్ మీద సరిహద్దుకు గంటన్నర దూరంలో ఉన్న పటాలం నిజానికి రెండు వారాల దూరంలో ఉన్నట్టు. సూర్యాపేట వాసి కల్నల్ సంతోష్‌బాబు సహా 20 మంది 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో అమరులయ్యాక, వాయుసేన తూర్పు లద్దాఖ్‌కు 68,000 మందికి పైగా జవాన్లను తరలించిందని 2023లో వార్తలొచ్చాయి. విమానాల వేగం గురించి అప్పుడు చాలా రాశారు. దిగినవారు అలవాటు పడేదాకా ముందు వరుసను కాచింది అప్పటికే పైన ఉన్నవారేనన్న సంగతి మాత్రం పెద్దగా చర్చకు రాలేదు. ఎంత ఖర్చైనా ఏడాది పొడవునా అక్కడ బలగాలను ఉంచడానికి ఒక కారణం ఇదే.

ఇదే దారి వెనక్కి కూడా నడుస్తుంది. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లోని సోనమ్ పోస్టుపై మంచు చరియలు విరిగిపడి 19 మద్రాస్ పటాలానికి చెందిన పది మంది కూరుకుపోయారు. వారిలో అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లెకు చెందిన సిపాయి ముస్తాక్ అహ్మద్ ఒకరు. ఆరు రోజుల తర్వాత ప్రాణాలతో దొరికిన లాన్స్ నాయక్ హనుమంతప్పను థాయిస్ మీదుగా ఢిల్లీ ఆర్మీ రీసెర్చ్ అండ్ రెఫరల్ ఆసుపత్రికి తెచ్చారు. 11వ తేదీన ఆయన కన్నుమూశారు.

సెలవుపై ఇంటికొచ్చినవారికీ లెక్క తప్పదు. నాలుగు వారాలకు మించి కింద ఉంటే, తిరిగి వెళ్లాక మొదటి మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. ఎన్ని చలికాలాలు పైన గడిపిన సుబేదార్ అయినా మొదటి రెండు రోజులు కొత్త సిపాయితో పాటు బ్యారక్‌లో పడుకోవాల్సిందే.