అంబాసిడర్ బానెట్ కింద 1489 సీసీ

అంబాసిడర్ గురించి రాసినవాళ్లంతా దాని ఒంటి తీరు గురించే ఎక్కువగా రాశారు. గుండ్రటి టాపు, తెల్ల రంగు, ఎర్ర బుగ్గ, వెనక సీట్లో నలుగురు పట్టే వెడల్పు. బానెట్ ఎత్తి లోపలికి చూసినవాళ్లు తక్కువ. అక్కడున్న పెట్రోల్ ఇంజన్ చరిత్ర కారు చరిత్ర కంటే పాతది, దానికంటే పెద్దది కూడా. ఆ ఇంజన్‌కు పేరుపడ్డ రోగాలు చాలావరకు మన ఎండల వల్లో, రోడ్ల వల్లో పుట్టినవి కావు. ఇంగ్లండ్‌లో డ్రాయింగ్ బోర్డు మీద గీత గీసిన నాడే పుట్టాయి. వాటి పుట్టుక తెలిస్తేనే రిపేరు అర్థమవుతుంది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆస్టిన్ కంపెనీ 1947లో ఏ40 అనే కారు తెచ్చింది. అందులో 1200 సీసీ ఇంజన్. వాల్వులు హెడ్‌లో ఉంటాయి, వాటిని తట్టే క్యామ్‌షాఫ్ట్ మాత్రం కింద బ్లాకులో ఉంటుంది. మధ్యలో పుష్‌రాడ్లు. పిస్టన్ పైకీ కిందికీ నడిచే దూరం, అంటే స్ట్రోక్, 88.9 మిల్లీమీటర్లు. సరిగ్గా మూడున్నర అంగుళాలు. బోరు మాత్రం 65 మిల్లీమీటర్ల చిల్లర. బోరు ఇంత సన్నం, స్ట్రోక్ అంత పొడుగు ఎందుకంటే, బ్రిటన్‌లో అంతకుముందు చాలాకాలం కారు పన్నును బోరు కొలిచి వేసేవారు. బోరు పెరిగితే పన్ను పెరుగుతుంది, స్ట్రోక్ ఎంత పెరిగినా పైసా పెరగదు. పన్ను పద్ధతి మారాక కూడా ఇంజనీర్ల చేతికి ఆ అలవాటు మిగిలిపోయింది.

1952లో ఆస్టిన్, మోరిస్ కంపెనీల విలీనంతో బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్, పొట్టిగా బీఎంసీ, ఏర్పడింది. రెండు కంపెనీల కార్లకూ కలిపి కొద్ది రకాల ఇంజన్లే చాలన్నది అక్కడి లెక్క. చిన్న కార్లకు ఏ సిరీస్, మధ్య తరహా కార్లకు బీ సిరీస్, పెద్దవాటికి సీ సిరీస్. ఏ40 ఇంజన్ నుంచి ఎదిగిందే బీ సిరీస్. స్ట్రోక్‌ను అలాగే ఉంచి బోరును 73 మిల్లీమీటర్లకు పెంచితే 1489 సీసీ వచ్చింది. 1953లో ఎంజీ మాగ్నెట్‌లో, ఆ తర్వాత మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌లో, 1955లో ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులో అదే ఇంజన్ పెట్టారు. 1962లో ఎంజీబీ కోసం బోరును ఇంకా పెంచి 1798 సీసీ చేసినప్పుడూ స్ట్రోక్ ఆ మూడున్నర అంగుళాలే.

మన దేశానికి ఇది కొంచెం ఆలస్యంగా వచ్చింది. బిర్లాల హిందుస్తాన్ మోటార్స్ 1942లో గుజరాత్‌లోని ఓఖా రేవులో మొదలై, తర్వాత బెంగాల్‌లో హుగ్లీ ఒడ్డున ఉత్తరపారాకు మారింది. అక్కడ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రెండో సిరీస్‌ను ల్యాండ్‌మాస్టర్ పేరుతో, మూడో సిరీస్‌ను అంబాసిడర్ పేరుతో తయారు చేశారు. తొలి అంబాసిడర్లలో ఉన్నది 1476 సీసీ పాత సైడ్ వాల్వ్ ఇంజన్. అది ఆ బరువును లాగలేక ఆయాసపడేది. 1959లో దాన్ని తీసేసి 1489 సీసీ బీ సిరీస్ పెట్టారు. శక్తి 55 హార్స్‌పవర్. అంబాసిడర్ అనగానే మనకు గుర్తొచ్చే ఇంజన్ శబ్దం అప్పటి నుంచీ వినిపించిందే.

ఇదే ఇంజన్ జపాన్‌కు కూడా వెళ్లింది. నిస్సాన్ 1952లో ఆస్టిన్‌తో ఒప్పందం చేసుకుని ఏ40ని, ఆ తర్వాత 1489 సీసీ ఏ50ని తయారు చేసింది. వాళ్లు అక్కడితో ఆగలేదు. డొనాల్డ్ స్టోన్ అనే అమెరికన్ ఇంజనీరు సలహాతో బోరును ముట్టుకోకుండా స్ట్రోక్‌ను 59 మిల్లీమీటర్లకు కత్తిరించి 988 సీసీ ఇంజన్ చేశారు. 1957లో డాట్సన్ 210లో పెట్టారు. మరుసటి ఏడు ఆస్ట్రేలియా చుట్టూ సాగిన మోబిల్‌గ్యాస్ ట్రయల్లో ఆ చిన్న కారు తన తరగతిలో గెలిచింది. మన దగ్గర పోటీ లేదు. లైసెన్సుల రాజ్యంలో కారు బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూసే కొనుగోలుదారులు ఉండగా ఇంజన్‌ను మార్చాల్సిన అవసరం ఫ్యాక్టరీకి కనబడలేదు. మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4, నోవా అని పేర్లూ గ్రిల్లులూ మారాయి. 1489 మారలేదు. డీజిల్ అంబాసిడర్ వచ్చినప్పుడు కూడా దాని ఇంజన్ ఇదే కుటుంబానికి చెందినది, అదే 1489 సీసీది, 37 హార్స్‌పవర్ ఇచ్చేది. ఫ్యాక్టరీ ముట్టుకోని ఇంజన్‌ను మన మెకానిక్ షెడ్లే అర్థం చేసుకుని, సర్ది, బతికించాయి.

ఇంజన్ ఎడమ పక్కన నిలబడి హెడ్‌ను చూడండి. కార్బొరేటర్ నుంచి గాలి, పెట్రోల్ లోపలికి పోయే దారులూ, పొగ బయటికొచ్చే దారులూ, పుష్‌రాడ్లూ అన్నీ ఈ ఒక్క వైపే. అంత ఇరుకులో సిలిండర్‌కు రెండు చొప్పున ఎనిమిది దారులు తొలచడానికి చోటులేదు. అందుకే ఐదే తొలిచారు. లోపలికి పోయే దారులు రెండు. ఒకటి మొదటి, రెండో సిలిండర్లకు ఉమ్మడి, రెండోది మూడు, నాలుగింటికి ఉమ్మడి. బయటికి మూడు. చివరి సిలిండర్లకు చెరొకటి, నడుమనున్న రెండు మూడు సిలిండర్లకు కలిపి ఒక్కటి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2 కాబట్టి ఉమ్మడి దారి ఉన్న సిలిండర్లు ఒకదాని వెంట ఒకటి గాలి పీలుస్తాయి. ముందున్నది ఇంకా పీలుస్తుండగానే వెనకది తెరుచుకుని వాటా లాక్కుంటుంది. నాలుగు సిలిండర్లకూ సమానంగా మిశ్రమం అందని ఇంజన్ ఇది. నాలుగు ప్లగ్గులూ విప్పి వరసగా పెడితే రంగుల్లో ఎంతోకొంత తేడా కనిపించడానికి ఇదీ ఒక కారణం.

నడుమ దారి సంగతి ఇంకా గట్టిది. ముందు నుంచి లెక్కపెడితే నాలుగు, ఐదు వాల్వులు రెండూ ఎగ్జాస్ట్‌వే, పక్కపక్కనే ఉంటాయి. రెండు సిలిండర్ల మంట ఒకే ఇరుకు దారిలో బయటికి రావాలి. హెడ్ మొత్తంలో ఎక్కువ కాలే చోటు అదే. రేడియేటర్లో నీళ్లు తగ్గి ఒక్కసారి ఇంజన్ బాగా వేడెక్కిందా, హెడ్ గాస్కెట్ రెండు మూడు సిలిండర్ల మధ్య ఊదుతుంది. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేసారి మిస్సవుతున్నాయంటే హెడ్ విప్పకముందే అనుభవమున్న మెకానిక్ గాస్కెట్ కొనుక్కురమ్మంటాడు. ఇంకా వేడెక్కితే ఆ రెండు వాల్వు సీట్ల మధ్య హెడ్డే చీలుతుంది. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు రేడియేటర్ మరుగుతోందని థర్మోస్టాట్ పీకి పారేయడం మన దగ్గర మామూలైపోయింది. అది సరైన వైద్యం కాదని నేను గట్టిగా అంటాను. థర్మోస్టాట్ లేని ఇంజన్ పొద్దున పూట ఎంతసేపటికీ వేడెక్కదు, చోక్ మీదే నడుస్తుంది. పచ్చి పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. కొన్నాళ్లకు ఇంజన్ బోరుకొస్తుంది.

ట్యాపెట్లు కట్టడం ఈ ఇంజన్ మీద నేర్చుకున్న మెకానిక్కులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎందరో. పద్ధతిలో ఒక అందమైన లెక్క ఉంది. ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకుని ఉన్నప్పుడు ఒకటో వాల్వును కట్టాలి. ఆరోది తెరుచుకున్నప్పుడు మూడోదాన్ని, నాలుగోది తెరుచుకున్నప్పుడు ఐదోదాన్ని. ఏ జత కూడినా తొమ్మిది. సందు 15 థౌ ఉండాలి, అంటే అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులు. ఫీలర్ గేజ్ దూర్చి, లాక్ నట్ వదులు చేసి, స్క్రూ తిప్పి, మళ్లీ బిగించాలి. ఇంత జాగ్రత్తగా కట్టినా టకటక చప్పుడు ఆగకపోతే తప్పు చేతిది కాదు. రాకర్ ఆర్మ్ కొన వాల్వు మీద ఏళ్ల తరబడి రుద్దుకుని అక్కడ చిన్న గుంట పడుతుంది. గేజ్ ఆ గుంట అంచుల మీద పడుకుంటుంది. అది చూపేది 15, అసలు సందు ఇంకా ఎక్కువ. రాకర్‌ను నున్నగా గ్రైండ్ చేయించాలి, లేదా మార్చాలి. రాకర్ షాఫ్ట్ బోలుగా ఉంటుంది, ఆయిల్ దాని లోపలి నుంచే పైకొస్తుంది. మడ్డి పేరుకుని ఆ సన్న రంధ్రాలు మూసుకుపోతే కొత్త రాకర్లు వేసినా ఎక్కువ కాలం నిలవవు.

ఇక ఆయిల్ కారడం. అంబాసిడర్ నిలిపిన చోట నల్ల మరక లేకపోతే ఇంజన్లో ఆయిలే లేదనేవాళ్లు. కారే చోట్లు చాలా ఉన్నాయి. ఎడమ పక్కన, మానిఫోల్డ్ కింద ఉండే ట్యాపెట్ సైడ్ కవర్ల కార్క్ గాస్కెట్లు వేడికి ఎండి బిగుసుకుని పగులుతాయి. అయితే అసలు కథ వెనక, క్లచ్ వైపు. ఈ మూడు బేరింగుల బీ సిరీస్‌లో క్రాంక్‌షాఫ్ట్ వెనక కొసన రబ్బరు ఆయిల్ సీలే లేదు. దాని బదులు షాఫ్ట్ మీదే మరలాంటి గాడి చెక్కారు. క్రాంక్ తిరుగుతుంటే ఆ మర ఆయిల్‌ను వెనక్కి, ఇంజన్లోకే, తోస్తుంది. గాడికీ దాని చుట్టూ ఉన్న ఇనుముకూ మధ్య సందు కొద్ది థౌలే ఉండాలి. బేరింగులు అరిగి క్రాంక్ రవ్వంత కిందికి దిగితే ఆ సందు ఒక వైపు పెరుగుతుంది, ఆయిల్ దారి వెతుక్కుంటుంది. పిస్టన్ రింగులు కూడా అరిగి ఉంటే సిలిండర్లోని ఒత్తిడి కిందికి జారి ఆయిల్‌ను ఇంకా బయటికి నెడుతుంది. క్లచ్ ప్లేట్ తడిసి జారుతుంది. ఓనరు సీల్ మార్చమంటాడు, మార్చడానికి అక్కడ సీల్ లేదు. బేరింగులు, క్రాంక్ గ్రైండింగ్, రింగులు అన్నీ కలిపి చేయిస్తేనే ఆ కారుడు తగ్గుతుంది. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల బోరింగు, క్రాంక్ గ్రైండింగ్ షాపులకు ఈ ఇంజన్ ఇచ్చిన పని ఇంతా అంతా కాదు. బ్లాకు మందపాటి పోత ఇనుము కాబట్టి రీబోరు చేసి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేస్తే మరో జీవితం వచ్చేది. నాకు ఈ ఇంజన్ మీద గౌరవం అక్కడే. ఎన్ని లోపాలున్నా మామూలు పనిముట్లతో, మామూలు లేత్ మీద మళ్లీ నిలబెట్టగలిగేలా కట్టారు దాన్ని.

వేసవి సమస్య వేరు. కార్బొరేటర్ సరిగ్గా ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పైన కూర్చుంటుంది. పెట్రోల్‌ను క్యామ్‌షాఫ్ట్ ఆడించే మెకానికల్ పంపు పీల్చి పంపుతుంది. మే నెల మధ్యాహ్నం ట్రాఫిక్‌లో ఆగితే గొట్టంలోని పెట్రోల్ ఆవిరై పంపు ఉత్త గాలినే నెడుతుంది. డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ చుట్టి, సీసాలో నీళ్లు దగ్గర పెట్టుకునేవారు. అది మొరటు పద్ధతిలా కనిపించినా భౌతికశాస్త్రం ప్రకారం నూటికి నూరుపాళ్లు సరైనది. పంపు చల్లబడితే ఆవిరి మళ్లీ ద్రవమవుతుంది.

2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే వచ్చింది. ఊపిరితిత్తులకు అది గొప్ప మేలు. ఈ ఇంజన్‌కు మాత్రం కొత్త చిక్కు. పాత పోత ఇనుప వాల్వు సీట్ల మీద సీసం పలుచని పొరగా నిలిచి దెబ్బను ఆపేది. అది లేకపోయేసరికి ఎగ్జాస్ట్ వాల్వులు సీట్లను కొట్టుకుంటూ లోపలికి దిగుతాయి, ట్యాపెట్ సందు తనంతట తానే తగ్గిపోతుంది. చప్పుడు తగ్గిందని సంతోషించకూడదు. సందు పూర్తిగా పోతే వాల్వు మూసుకోక కాలిపోతుంది. దీనికి శాశ్వత మందు హెడ్‌లో గట్టి ఉక్కు సీట్లు దిగ్గొట్టించడమే.

1990ల మొదట్లో 1817 సీసీ ఇసుజు ఇంజన్ అంబాసిడర్‌కు వచ్చాక 1489 పక్కకు జరిగింది. 2014 మేలో ఉత్తరపారా ఫ్యాక్టరీయే ఆగిపోయింది. ఇప్పుడు పాత మార్క్ 2నో మార్క్ 3నో వెతికి కొంటున్న కుర్రవాళ్లకు మరో పని మిగిలింది. బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. 1959 నాటి రబ్బరు దాన్ని తట్టుకోదు. పంపు డయాఫ్రం ఉబ్బుతుంది, గొట్టాలు మెత్తబడి లోపలి నుంచి పొరలు ఊడుతాయి, ఆ ముక్కలు కార్బొరేటర్ జెట్‌లో ఇరుక్కుంటాయి. ఇథనాల్ కలిసిన మిశ్రమం పలచన కూడా అవుతుంది కాబట్టి ఆ నడుమ ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ ఇంకా కాలుతాయి. బండి తెచ్చిన వారంలోనే ఇథనాల్ తట్టుకునే గొట్టాలు, కొత్త డయాఫ్రం వేయించండి. కార్బొరేటర్‌ను కాస్త రిచ్‌గా కట్టించి, ప్లగ్గుల రంగు చూడమనండి. పెయింటు పని తర్వాత చూసుకోవచ్చు.