పట్టా అడగని పైసలు

పోయిన భాగంలో జీతగాళ్ల గురించి రాస్తే చాలామంది ఒకటే అడిగారు: "సార్, ఇప్పుడు సర్కారు నేరుగా ఇస్తున్న పైసలు మన వాడను మార్చలేదా?" మార్చాయి. అయితే అన్ని పైసలూ కాదు.

మా అమ్మమ్మకు కూలి అంటే గింజలే. ఆసామి కల్లంలో కొలిచింది కూలి. వానాకాలం ముందు ఇంట్లో గింజ నిండుకుంటే అదే ఆసామి దగ్గర తెచ్చుకున్నది నాగు. కుంచెడు తెస్తే కుంచెడున్నర కొలవాలి. ఇచ్చేటప్పుడూ తీసుకునేటప్పుడూ కొలిచే చెయ్యి ఆయనదే. నాగు తీరేదాకా ఇంకొకరి చేలోకి పోవడానికి లేదు. ఆకలి ఒక ఎత్తు, ఈ కట్టు ఒక ఎత్తు.

1995 ఆగస్టు 15న కేంద్రం వృద్ధాప్య పింఛను మొదలుపెట్టినప్పుడు నెలకు 75 రూపాయలు. 2014 నవంబరులో ఆసరా వచ్చి మన దగ్గర 200 ఉన్నది 1000 అయింది, 2019లో 2016. వయసు అడిగారే గాని పట్టా అడగలేదు. ఇంట్లో ముసలమ్మకు చాయ్ ముందు పోయడం మొదలైంది అప్పుడేనని మా పెద్దమ్మ నవ్వుతూ చెబుతుంది. నవ్వులాటే గాని అబద్ధం కాదు.

ఉపాధి హామీ కూలి పైసలు దానం కాదు, కష్టం. అయినా అవి చేతికి చేరే దారి ఈ చరిత్రలో ముఖ్యం. 2006 ఫిబ్రవరిలో మొదలైన తొలి విడత జిల్లాల్లో మన పాత ఖమ్మం ఉంది. తర్వాత వేలిముద్ర స్మార్ట్ కార్డులు వచ్చాయి. కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు ఖమ్మంతో కలిపి 8 జిల్లాల్లో వాటిని పరిశీలించారు. కూలి సక్రమంగా చేరిన మండలాల్లో పేద కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది. అసలు సంగతి ఇదీ: ఆ పెరుగుదలలో 86 శాతం ఉపాధి పైసలు కావు, బయటి పనుల్లో వచ్చిన సంపాదన. ఉపాధి కూలి నమ్మకంగా అందితే ఆసామి చెప్పిన రేటుకు "రాను" అనొచ్చు. మా అమ్మమ్మ జన్మలో అనలేని మాట అది.

ఇక రైతుబంధు. 2018 మే 10న మొదలైంది, పంటకు ఎకరాకు 4000. ఎన్ని ఎకరాలున్నా అన్నిటికీ ఇచ్చారు, కౌలుదారుకు మాత్రం లేదు. ధరణి ఎవరి పేరు చెబితే వారికే. మరి పినపాక ఏజెన్సీలో మాల మాదిగల పేరు ఎక్కడుంది? 1970 నాటి 1/70 చట్టం ప్రకారం ఇక్కడ భూమి గిరిజనేతరుల చేతికి మారదు. ఆదివాసీ భూమిని షావుకార్ల నుంచి కాపాడిన చట్టం అది, దాని మీద నాకు పేచీ లేదు. కానీ దాని లెక్కలో షావుకారూ గిరిజనేతరుడే, అతని బండి తోలిన మాదిగా గిరిజనేతరుడే. అటవీ హక్కుల చట్టం కింద పోదామంటే, గిరిజనేతరులు 2005కు ముందు 75 ఏళ్లుగా అక్కడున్నట్టు రుజువు చూపాలి. గింజలతో కూలి తీసుకున్నోళ్లకు రుజువు కాగితం ఎవరిచ్చారు? 2023లో పోడు పట్టాలిచ్చి వాటికి రైతుబంధు జోడించారు. ఆదివాసీ ఇంటికి ఆ పైసలు చేరాయి, సంతోషం. మా వాళ్లు మాత్రం ఆ చేలల్లోనే మిర్చి ఏరారు.

2025 జనవరి 26న ఇందిరమ్మ ఆత్మీయ భరోసా మొదలుపెట్టారు. భూమి లేని కూలి కుటుంబానికి ఏడాదికి 12000, రెండు విడతలుగా. 2023-24లో 20 రోజులు ఉపాధి పని చేసి ఉండాలి. భూమి లేకపోవడమే అర్హత అయిన నగదు పథకం! చదివి కాసేపు అలాగే కూర్చున్నా. తర్వాత లెక్క వేశాను. పది గుంటల అసైన్డ్ చెలక ఉన్నవాళ్లు భూమి ఉన్నవాళ్ల కిందికి పోతారు. రైతుభరోసా ఎకరాకు 6000 చొప్పున వాళ్లకొచ్చేది పంటకు 1500. ఏమీ లేనివాళ్లకు విడతకు 6000. పది గుంటలు సంపాదించుకోవడం తప్పయిందా అని మా పెద్దమ్మ అడిగింది.

వచ్చే భాగంలో 1/70 గురించి. ఆదివాసీ అన్నదమ్ములతో తగవు పెట్టుకోకుండా మన ఇళ్ల స్థలాల సంగతి ఎట్లా మాట్లాడాలో రాస్తాను.