తలుపు అంచున రాసిన 26

డ్రైవరు వైపు తలుపు తెరిస్తే పక్కన ఒక స్టిక్కరు కనిపిస్తుంది. ఏ సైజు టైర్లు వెయ్యాలో, ఎంత గాలి కొట్టాలో దాని మీద రాసుంటుంది. మనలో చాలామంది దాన్ని చూడనే చూడరు. చూసినవాళ్ళు కూడా, ఎవరో మహానుభావులు లెక్కలు కట్టి తేల్చారులే అని నమ్మేస్తారు. పాత కోడ్‌లో ఎవరో రాసిపోయిన కాన్‌స్టెంట్‌ని మనం ముట్టుకోం చూడండీ, అలాగన్నమాట. కానీ ఆ అంకె వెనక కూడా బేరసారాలుంటాయి. అలాంటి ఒక అంకె కథే ఇది.

1980ల చివర్లో ఫోర్డ్ కంపెనీకి రేంజర్ అనే చిన్న పికప్ ట్రక్కు ఉండేది. దాని ఛాసిస్‌నే ఆధారం చేసుకుని ఎక్స్‌ప్లోరర్ అనే ఎస్‌యూవీని తయారుచేసి 1990లో అమ్మకానికి పెట్టారు. కింద పికప్ ట్రక్కు, పైన సంసారపక్షం బండి. అమ్మకాలు అదిరిపోయాయి. అయితే విడుదలకి ముందే ఒక చిక్కొచ్చింది. గట్టిగా మలుపు తిప్పే పరీక్షల్లో బండి పల్టీ కొట్టే సూచనలు కనబడ్డాయి. ఆ సంగతి చెప్పే కంపెనీ కాగితాలు తర్వాత కోర్టు కేసుల్లో బయటపడ్డాయి. వెడల్పు పెంచడం, సస్పెన్షన్ మార్చడం లాంటి దారులున్నాయి గానీ అవన్నీ టైమూ డబ్బూ తినేవి. అందరికన్నా చవకైన దారి టైర్లలో గాలి తగ్గించడం. మెత్తబడ్డ టైరు మలుపులో రోడ్డుని మరీ గట్టిగా పట్టుకోదు, కాస్త జారుతుంది. కుదుపులు కూడా తగ్గుతాయి. ఫైర్‌స్టోన్ టైరు మీద గరిష్ఠం 35 పీఎస్సై అని ఉంటే, ఫోర్డ్ స్టిక్కరు మీద 26 అని రాసింది. డిజైన్ జోలికి పెద్దగా వెళ్ళకుండా కాన్ఫిగ్ ఫైల్లో ఒక అంకె మార్చి రిలీజ్ చేసేశారన్నమాట. ఈ పని మనకేం కొత్త కాదు కదా!

ఇందులో ఇబ్బందేమిటంటే, బండి బరువుని మోసేది రబ్బరు కాదు, లోపలున్న గాలి. గాలి తగ్గితే ప్రతి చుట్టుకీ టైరు ఎక్కువ నలుగుతుంది, నలిగితే వేడెక్కుతుంది. ఆ వేడికి రెండు ఉక్కు బెల్టుల మధ్య పట్టు సడలి, పైనున్న ట్రెడ్ మొత్తం ఊడొస్తుంది. పుస్తకం ప్రకారం 26 సరిపోతుంది. కానీ ఏ టైరైనా నెలకి సుమారు ఒక పీఎస్సై తనంతట తనే పోగొట్టుకుంటుంది. నాలుగైదు నెలలు గేజి పెట్టి చూడకపోతే 26 కాస్తా 21 అవుతుంది. దానికి తోడు బండి నిండా జనం, సామాను, టెక్సాస్ ఎండ, హైవే వేగం. ప్రమాదాలు ఎక్కువగా వేడి రాష్ట్రాల్లోనే జరగడం కాకతాళీయం కాదు.

1998లోనే స్టేట్ ఫార్మ్ బీమా కంపెనీలో ఒక ఉద్యోగి క్లెయిముల్లో ఈ టైర్లు 21 సార్లు కనబడటం గమనించి అమెరికా రహదారి భద్రతా సంస్థకి ఈమెయిలు పంపాడు. అక్కడ ఎవరూ పట్టించుకోలేదు. 1999లో ఫోర్డ్ గల్ఫ్ దేశాల్లో టైర్లు మార్చడం మొదలెట్టింది, అమెరికాలో మాత్రం కాదు. 2000 ఫిబ్రవరిలో హ్యూస్టన్ టీవీ ఛానెల్ ఒకటి ఈ కథ బయటపెట్టాక ఫిర్యాదులు వెల్లువెత్తాయి. మే నెలలో విచారణ మొదలైంది. ఆగస్టు 9న ఫైర్‌స్టోన్ రికాల్ ప్రకటించింది. అప్పటికి రోడ్ల మీద తిరుగుతున్నవి సుమారు 65 లక్షల టైర్లు. చివరికి ఒక్క అమెరికాలోనే 271 మంది చనిపోయినట్టు లెక్క తేలింది.

ఇక అప్పుడు మొదలైంది అసలు తగువు. హెన్రీ ఫోర్డ్, హార్వీ ఫైర్‌స్టోన్ ప్రాణ స్నేహితులు. 1906 నుంచీ వ్యాపారం. 1947లో వీళ్ళ మనవడూ మనవరాలూ పెళ్ళి కూడా చేసుకున్నారు. ఫైర్‌స్టోన్‌ని 1988లో జపాన్ బ్రిడ్జ్‌స్టోన్ కొనేసినా చుట్టరికం చెడలేదు. అలాంటివాళ్ళు 2001 మేలో తెగతెంపులు చేసుకున్నారు. ఫైర్‌స్టోన్ ఏమో గాలి 30 ఉండాల్సింది, బండిలోనే లోపం అంది. ఫోర్డ్ ఏమో ఇదే 26తో గుడ్‌ఇయర్ టైర్లు బాగానే తిరిగాయిగా, లోపం టైరుదే అంది. రెండు టీముల మధ్య బగ్ టికెట్ అటూ ఇటూ విసురుకున్నట్టే!

ప్రభుత్వ విచారణ చివరికి తప్పు టైరుదే అంది. బెల్టు అంచుల్లో పగుళ్ళు పుట్టి పెరిగే లోపం ఉందని 2001 అక్టోబరులో తేల్చి, ఎక్స్‌ప్లోరర్ మీద విచారణ జరపమన్న ఫైర్‌స్టోన్ కోరికని 2002లో తోసిపుచ్చింది. ఇల్లినాయ్‌లోని డెకేటర్ ఫ్యాక్టరీలో 1994లో మొదలైన సమ్మె కాలపు టైర్లు ఎక్కువగా చెడిపోయాయని క్రూగర్, మాస్ అనే ఆర్థికవేత్తలు 2004లో చూపించారు. కాబట్టి 26 ఒక్కటే ఇంతమందిని చంపిందనడం అన్యాయం. కానీ టైరు లోపంతో వచ్చినా, వాడేవాళ్ళు అశ్రద్ధ చేసినా కాచుకోవడానికి ఉండాల్సిన వెసులుబాటుని ఆ అంకె ముందే ఖర్చు పెట్టేసింది. నా ఫిర్యాదల్లా దాని మీదే.

మన డాష్‌బోర్డులో వెలిగే టైరు దీపం ఈ గొడవలోంచే పుట్టింది. 2000 నవంబరులో ట్రెడ్ చట్టం వచ్చింది, 2007 సెప్టెంబరుకల్లా అమెరికాలో అమ్మే కొత్త కార్లూ చిన్న ట్రక్కులన్నిటికీ ఆ దీపం తప్పనిసరైంది. అయితే అది వెలగాల్సింది స్టిక్కరు అంకె కన్నా పాతిక శాతం తగ్గాకే. అంటే 35 అని రాసున్న బండిలో దీపం వెలిగేసరికి గాలి దాదాపు 26కి దిగిపోయి ఉండొచ్చు!

ఇప్పుడు డాలస్, హ్యూస్టన్‌లలో మనవాళ్ళు కూడా పికప్‌లు కొంటున్నారు గనక నాలుగు ముక్కలు. టైరు గోడ మీద రాసున్నది గరిష్ఠం, మీరు కొట్టాల్సింది కాదు. కొట్టాల్సింది తలుపు మీది అంకె, అదీ పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు. పది డిగ్రీల ఫారెన్‌హీట్ చలి పెరిగితే సుమారు ఒక పీఎస్సై పడిపోతుంది. సైజు ముందు 'పి' ఉన్నది కార్ల టైరు, దాన్ని పికప్‌కి వేస్తే మోసే బరువుని 1.10తో భాగించి చూసుకోవాలి. 'ఎల్‌టీ' అంటే ట్రక్కు టైరు, బలమైనదే కానీ అదే బరువు మొయ్యడానికి ఎక్కువ గాలి అడుగుతుంది. కాబట్టి 'పి' తీసి 'ఎల్‌టీ' వేయించి పాత అంకే కొట్టిస్తే మళ్ళీ ఎక్స్‌ప్లోరర్ కథే. టైరు షాపువాడిని లోడ్ పట్టిక చూపించమని అడగండి. డాట్ కోడ్ చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం. 3523 అంటే 2023లో 35వ వారం.

గేజి ఖరీదు కొద్ది డాలర్లే. ట్రక్కు వెనక ట్రైలరు తగిలించే ముందు ఒక్క ఐదు నిమిషాలు దానికివ్వండి.