‘డింభకా!’ అన్న పిలుపు

1951 మార్చి 15న విడుదలైన ‘పాతాళభైరవి’లో తోటరాముడైన నందమూరి తారక రామారావుగారిది మా పామర్రు మండలంలోని నిమ్మకూరు. ఆ రాముణ్ణి బలి ఇవ్వజూసిన నేపాళ మాంత్రికుడు ఎస్.వి. రంగారావుగారు జన్మించినది నాటి కృష్ణా జిల్లాలోని నూజివీడు. ఇద్దరూ మావారే. అయినా పిల్లల చూపు మాత్రం మాంత్రికుడి మీదనే!

ఇందుకు కారణం ఆ గడ్డమూ, ఆ వేషమూ మాత్రమే కాదని నా అభిప్రాయం. పింగళి నాగేంద్రరావుగారు ఆ క్రూరుడి నోట ఉంచిన సంబోధన చూడండి: ‘డింభకా’! డింభకుడనగా పసివాడు. అమరసింహుడు శిశుపర్యాయాలలో చేర్చిన ‘డింభ’ శబ్దమే ఇది. కండలు తిరిగిన కథానాయకుణ్ణి పసివాడా అని పిలుస్తుంటే, నేల టికెట్టు మీద కూర్చున్న అసలు పసివాళ్ళకు ఆ పిలుపు తమదే అనిపించదా? ప్రలోభమూ తమకే, బలిపీఠమూ తమకే. మొసలి రూపం వీడిన అప్సరస గుట్టు విప్పి, మాంత్రికుడే బలి అయినప్పుడు గెలుపూ తమదే.

ఈ కథకు ఆధారాలలో ఒకటైన మధిర సుబ్బన్న దీక్షితులుగారి ‘కాశీమజిలీ కథలు’లోనూ మణిసిద్ధుడు మజిలీ మజిలీకీ కథ చెప్పేది ఒక గోపబాలుడికే. పిల్లవాణ్ణి ఎదుట కూర్చోబెట్టుకొని భయపెట్టడం మనకు పాత విద్యే సుమండీ!

విఠలాచార్యగారు తరువాత దయ్యాలను గుంపులుగా దింపారు. సరదాయే గాని, వాటికి ఈ చనువు లేదు (నా పక్షపాతం కావచ్చు). 1994లో కె.వి. రెడ్డిగారి శిష్యులు సింగీతం శ్రీనివాసరావుగారు ‘భైరవద్వీపం’ తీసి, రామారావుగారి కుమారుడు బాలకృష్ణకు ఎదురుగా మళ్ళీ మాంత్రికుణ్ణి నిలిపారు.

నా తరగతిలో శిశుపర్యాయాలు చెప్పేటప్పుడు ‘పృథుకుడు’ అంటే ఎవరని అడిగేవారు. ‘డింభకుడు’ ఎవరని అడిగినవాడు ఒక్కడూ లేడు.